ఊలు అల్లిక నేర్చుకుందాం – 4వ పాఠం: టోపీ కంటే ముందు ఒక ముక్క

సూది మీద కుట్లు ఎక్కించడం, నిట్ కుట్టు (మనవైపు నున్నగా కనిపించేది), పర్ల్ కుట్టు (మనవైపు చిన్న గట్టులా కనిపించేది) పోయిన మూడు పాఠాల్లో అయ్యాయి. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ అల్లుకుంటూ పోతే ముందువైపు నున్నగా, చిన్న చిన్న జడల్లా వస్తుందని చూశాం. ఇక టోపీ మొదలుపెట్టేద్దామని చేతులు దురదపెడుతుంటాయి, తెలుసు. రెండు రోజులు ఆగండి. ఈ పాఠంలో టోపీ లేదు. ఆ టోపీకి ఎన్ని కుట్లు ఎక్కించాలో చెప్పే ముక్క ఉంది.

నేను ఆగలేదు. మా బాబు తల చుట్టుకొలత 50 సెంటీమీటర్లు. టోపీ తలను పట్టుకుని ఉండాలంటే తల కంటే కాస్త చిన్నదిగా ఉండాలి కాబట్టి 46 చాలనుకున్నాను. ఊలు ఉండ మీది లేబుల్‌లో 4 మిల్లీమీటర్ల సూదులతో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు అని ఉంది. లెక్క వేస్తే 101 వచ్చింది, గుండ్రంగా 100 కుట్లు ఎక్కించాను. వారం రోజులు, రాత్రి అంట్లు అయ్యాక కూర్చుని అల్లి, కుట్టి, తొడిగితే టోపీ వాడి ముక్కు దాకా దిగింది. "అమ్మా, ఏమీ కనిపించట్లేదు" అంటూ వాడు గోడలు తడుముకుంటూ ఇల్లంతా తిరిగాడు. చివరికి అది వాళ్ల నాన్న తలకు సరిగ్గా సరిపోయింది. ఆయన చాలా సంతోషించారు.

లేబుల్‌లో తప్పేమీ లేదు. నా చేయి వదులు, అంతే. నా చేతిలో 10 సెంటీమీటర్లకు వచ్చేవి 20 కుట్లే. అంటే 100 కుట్లకు 45 కాదు, 50 సెంటీమీటర్లు. పదికి రెండు కుట్ల తేడా ఎంతలే అనిపిస్తుంది. టోపీ చుట్టూ తిరిగొచ్చేసరికి అది నాలుగున్నర సెంటీమీటర్లైంది. స్వెటర్ అయితే ఇంకో మనిషి పట్టేవాడు.

ఊలును చేయి ఎంత బిగువుగా పట్టుకుంటుందో దాన్నే అల్లికలో టెన్షన్ అంటారు. మామూలు టెన్షన్‌కూ దీనికీ సంబంధం లేదనుకోకండి. హోంవర్క్ దగ్గర మా బాబుతో వాదన పెట్టుకున్న రోజు నేను అల్లిన వరసలు సూది మీద జరగను కూడా జరగవు. అందుకే ముక్కను ఒక్కసారే కూర్చుని ముగించకుండా రెండు మూడు సాయంత్రాలు అల్లమంటాను. అప్పుడు వచ్చేది మీ చేతి సగటు.

ఇప్పుడు అల్లుదాం. 34 కుట్లు ఎక్కించండి. మొదటి నాలుగు వరసలూ అన్నీ నిట్టే. తర్వాత ఒక వరస నిట్, ఒక వరస పర్ల్. కానీ పర్ల్ వరసలో మొదటి మూడు, చివరి మూడు కుట్లు మాత్రం నిట్ వేయాలి. ఈ అంచు లేకపోతే పక్కలు వెనక్కి, పైనా కిందా ముందుకీ చుట్టుకుపోతాయి, కొలవడానికి ముక్క చేతికి చిక్కదు. ఎత్తు 15 సెంటీమీటర్లు వచ్చాక మళ్లీ నాలుగు వరసలు నిట్ వేసి ముగించండి.

చేతి సంగతి కూడా చూసుకోండి. ఊలును చిటికెనవేలి చుట్టూ ఒకసారి తిప్పి, మధ్య రెండు వేళ్ల కింద నుంచి తెచ్చి, చూపుడువేలి మీదుగా సూదికి అందించండి. దారం చిటికెనవేలి దగ్గర జారుతూ రావాలి. వేలు ఎర్రబడి గీత పడుతోందంటే బిగించేస్తున్నారన్నమాట. ఇంకో చిక్కు ఉంది. చాలామందికి పర్ల్ వరస నిట్ వరస కంటే వదులుగా వస్తుంది. ముక్కను తిప్పి వెనకవైపు చూడండి. గట్లు సమానంగా కాకుండా రెండేసి జతలుగా, మధ్యలో సందు వదిలి కనిపిస్తే మీదీ అదే బాపతు. పర్ల్ వరసకు అర మిల్లీమీటరు సన్న సూది వాడితే సర్దుకుంటుంది.

అల్లగానే కొలవకండి. టోపీ జీవితాంతం ఉతుకులు పడుతూనే ఉంటుంది కదా, ముక్కనూ ఉతికే కొలవాలి. గోరువెచ్చని నీళ్లలో పావుగంట నాననివ్వండి. ఈలోగా నేను రాత్రి వంటకు కూరగాయలు తరుక్కుంటాను. పిండకూడదు, రుద్దకూడదు, వేడినీళ్లూ రాపిడీ కలిస్తే ఉన్ని ముద్దకట్టి కుంచించుకుపోతుంది. తువ్వాలులో చుట్టి చేత్తో ఒత్తి, బల్ల మీద పరిచి ఆరనివ్వాలి. తీగ మీద వేస్తే బరువుకు సాగుతుంది. అక్రిలిక్ ఊలైతే ఇస్త్రీపెట్టె దగ్గరికే పోనివ్వకండి, వేడికి జీవం పోయి పాత గుడ్డలా వేలాడుతుంది.

ఆరాక గట్టి స్కేలు తీసుకోండి. గుడ్డ టేపు ముక్కతో పాటే వంగుతుంది. అంచులు వదిలేసి మధ్యలో ఒక గుండుసూది గుచ్చి, దానికి సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో ఇంకోటి గుచ్చండి. ముక్కను లాగొద్దు. రెండు గుండుసూదుల మధ్య ఇంగ్లీషు 'వి' అక్షరం లాంటివి ఎన్ని ఉన్నాయో గోరు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టండి. ఒక్కో 'వి' ఒక్కో కుట్టు. నా ముక్కలో మొదటిసారి 20, కాస్త పైన 20, ఇంకాస్త కింద ఇరవైన్నర వచ్చాయి. ఆ అరను చూసీ చూడనట్టు వదిలేయాలనిపిస్తుంది. వదలొద్దు, మూడు చోట్ల లెక్కపెట్టి సగటు తీయండి. నాకు 20 అని తేలింది.

లేబుల్‌తో సరిపోకపోతే? వేరేవాళ్లు రాసిచ్చిన డిజైన్ అల్లుతున్నప్పుడు తప్పక సరిచేసుకోవాలి: కుట్లు ఎక్కువొస్తే అర మిల్లీమీటరు లావు సూది, తక్కువొస్తే సన్న సూది తీసుకుని ఇంకో ముక్క అల్లాలి. మన టోపీకి ఆ పట్టుదల అక్కర్లేదు. ముక్కను వెలుతురుకెత్తి చూడండి, చేత్తో పిసికి చూడండి. మెత్తగా, జల్లెడలా కాకుండా ఉంటే చాలు, మీ లెక్కే టోపీ లెక్క.

నా లెక్క ఇదీ. 10 సెంటీమీటర్లకు 20 కుట్లంటే సెంటీమీటరుకు 2. టోపీ చుట్టుకొలత 46 కాబట్టి 92 కుట్లు. అంచును రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున అల్లబోతున్నాం, కాబట్టి నాలుగుతో భాగించబడాలి. 92 భాగించబడుతుంది. పక్కన కుట్టి కలపడానికి ఇంకో రెండు, మొత్తం 94. మీకు 23 వచ్చిందనుకోండి, 46ను 2.3తో హెచ్చిస్తే దాదాపు 106. దానికి దగ్గర్లో నాలుగుతో పోయేవి 104, 108. టోపీ పట్టుకుని ఉండాలి కనుక 104 తీసుకోండి, పైన రెండు కలిపితే 106.

ముక్కతో ఇంకో పని కూడా జరుగుతుంది. వంటింటి తూకం మీద పెట్టండి. నాది 17 సెంటీమీటర్ల వెడల్పు, 15 ఎత్తు, 10 గ్రాములు తూగింది. అంటే 25 చదరపు సెంటీమీటర్లకు దాదాపు గ్రాము. 46 వెడల్పు, 20 ఎత్తు ఉన్న టోపీకి 37 గ్రాములు. ఉండలో 50 గ్రాములుంటే ఇంకోటి కొనక్కర్లేదు.

తూకం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పెద్దవాళ్లు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బంగాళాదుంపలాంటి దుంపలు ఆ లెక్కలోకి రావు. మేం బాగానే తింటున్నామని అనుకునేదాన్ని. ఊలు తూచిన చేత్తో ఒకరోజు నా వంతు కూడా తూస్తే, దుంపలు తీసేశాక 250 గ్రాములు కూడా లేదు. నా చేయి లేబుల్ ప్రకారమే అల్లుతుందనుకోవడమూ ఇలాంటిదే. ఇప్పుడు సాయంత్రం ఊలు ముందేసుకోక మునుపే అందరం కలిసి ఒక పళ్లెం పండ్ల ముక్కలు తినేస్తాం. తర్వాత చేతులు కడుక్కుని సూదులు పడితే మధ్యలో చిప్స్ మీదికి చేయి పోదు. పోయినా ఆ నూనె ఊలుకు పడుతుంది, మరక పోగొట్టడం చచ్చే చావు.

వచ్చే పాఠానికి మీ దగ్గర మూడు అంకెలు రాసి ఉండాలి: టోపీ పెట్టుకునేవాళ్ల తల చుట్టుకొలత, అందులోంచి 4 తీసేస్తే వచ్చింది, మీరు ఎక్కించాల్సిన కుట్లు. ముక్కను మాత్రం అప్పుడే విప్పకండి. టోపీ ఆఖరి వరసల్లో ఊలు చాలకపోతే అక్కరకొచ్చేది అదే.