‘నేనెవరు?’ అని రాసుకోవడం ఎలా: విద్యార్థులకు ఒక పద్ధతి

తన వ్యక్తిత్వం గురించి రాయమంటే విద్యార్థికి ముందుగా తట్టేవి విశేషణాలే: కష్టజీవిని, మొహమాటస్తుణ్ని, ఆశావాదిని. వీటివల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. చాలావరకు అవి ఇంట్లోవాళ్లో ఉపాధ్యాయులో మన గురించి అంటుండగా విని, మనం నమ్మేసిన మాటలు. వాటిని పక్కనపెట్టి, ఈ వారంలో మీరు ఏదో ఒకటి తేల్చుకోవలసి వచ్చిన సందర్భాన్ని తీసుకోండి. అది చిన్నదైతే మరీ మంచిది.

బృందంగా చేయవలసిన ప్రాజెక్టుకు మీకు నచ్చని అంశాన్ని ఎంచుకుంటుంటే మీరూ తలూపారనుకుందాం. ‘నాకు ధైర్యం లేదు’ అని తీర్పు రాసి ముగించకండి. ముందు ఎవరు మాట్లాడారో, మీ నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఏమిటో, తలూపాక ఊరట కలిగిందో ఉక్రోషం కలిగిందో వరుసగా రాయండి. ఆగిపోయిన ఆ మాటను ఉన్నదున్నట్టు రాయడం అన్నిటికన్నా ముఖ్యం. మీరు దేనికి విలువ ఇస్తున్నారో, దేనికి జంకుతున్నారో రెండూ అక్కడే బయటపడతాయి.

తర్వాత పెద్ద విషయాలకు రండి. స్వీయ గుర్తింపును ఏర్పరచుకోవడమే కౌమారంలో ప్రధానమైన పని అని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ చెప్పగా, ఆ ఆలోచనను పరిశోధనకు అనువుగా మలచిన జేమ్స్ మార్షియా 1966లో రెండు విషయాలను ముందుకు తెచ్చారు: ఆ వ్యక్తి వేరే దారులను పరిశీలించి చూశాడా, ఏదో ఒకదానికి కట్టుబడ్డాడా? మీ చదువు, మీ నమ్మకాలు, మీ స్నేహాలు, ఒక్కోదాన్నీ విడివిడిగా ఈ రెండు ప్రశ్నల ముందు నిలబెట్టండి. నమ్మకాల విషయంలో స్థిరంగా ఉన్నవారు చదువు విషయంలో ఇంకా వెతుకులాటలోనే ఉండవచ్చు. ఆ వెతుకులాటను వైఫల్యంగా రాసుకోకండి, అది ఎదుగుదలలో భాగమే. వెతకకుండానే కట్టుబడిపోయిన చోటు కనబడితే మాత్రం అక్కడ ఇంకొంచెం సేపు ఆగండి. ఆ నిర్ణయం తప్పు కాకపోవచ్చు, కానీ అది మీదేనా అన్నది తేలాలి.

ప్రతి పుటకూ తేదీ వేయండి, పాత పుటలను దిద్దకండి. విద్యార్థులు తమ గతాన్ని గుర్తుచేసుకున్నప్పుడు, అప్పట్లో తమకు తాము వేసుకున్న అంచనాకన్నా తక్కువ చేసి చూస్తారనీ, దానివల్ల రాని ఎదుగుదల కూడా వచ్చినట్టు తోస్తుందనీ మనస్తత్వవేత్తలు యాన్ విల్సన్, మైఖేల్ రాస్ 2001లో చూపించారు. అందుకే ఎదుగుదలకు సాక్ష్యం జ్ఞాపకం కాదు, ఆనాడు రాసిన పుట. సెమిస్టర్ చివర దాన్ని చదివి, మారినదాన్నే కాక మారనిదాన్ని కూడా పక్కన రాయండి.

ఎంతసేపు రాయాలన్నది పెద్ద సమస్య కాదు. మనస్తత్వవేత్త జేమ్స్ పెన్‌బేకర్ 1986 నాటి ప్రయోగంలో విద్యార్థులు రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా 4 రోజులు రాశారు. మొదలుపెట్టడానికి ఆ పాటి చాలు. వ్యాకరణాన్ని పట్టించుకోనక్కర్లేదు. అధ్యాపకులకు సమర్పించవలసిన వ్యాసమైతే, ముందు మీకోసం రాసుకున్నదాంట్లోంచి ఇతరులతో పంచుకోవడానికి మీకు అభ్యంతరం లేనిదాన్ని మాత్రమే ఏరి, వేరే కాగితం మీద రాయండి. ఒకే బాధ పుట పుటకూ తిరిగివస్తూ, రాసేకొద్దీ మనసు మరింత బరువెక్కుతుంటే ఆ విషయం మీద రాయడం ఆపి, నమ్మకమున్న పెద్దవారితోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి.