మా కుందేలుకి క్యారెట్ తగ్గించాక కుదుటపడింది

కుందేలంటే క్యారెట్టే అనుకుని మా బుజ్జిగాడికి రోజుకి రెండేసి పెట్టేదాన్ని, పైగా అరటిపండు. ఒకరోజు పొద్దున్నే చూస్తే పెంటికలు మెత్తగా, జిగటగా తోక కింద అంటుకుని ఉన్నాయి. గడ్డి ముట్టలేదు. చాలా టెన్షన్ పడి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. తీపి ఎక్కువై కడుపు చెడిందట. ఎండుగడ్డే దానికి అన్నం అన్నారు.

ఇప్పుడు ఎండుగడ్డి ఎప్పుడూ ముందుంటుంది. మెహదీపట్నం రైతుబజార్‌లో కొన్న కొత్తిమీర, పుదీనా బాగా కడిగి, నీళ్లు వడిచాక గుప్పెడు పెడతాను. కొత్త ఆకైతే ఒక్కటే, కొంచెమే పెట్టి మర్నాటిదాకా చూస్తాను. క్యారెట్ వారానికి రెండుసార్లు, బొటనవేలి గోరంత ముక్క. ఆపిల్ గింజలు తీసేస్తాను. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప అసలు పెట్టను.

వారం తిరిగేసరికి పెంటికలు శనగల్లా గుండ్రంగా, పొడిగా వచ్చాయి. పూటంతా ఏమీ తినకపోతే మాత్రం రేపటిదాకా ఆగకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.