హిరోషిమా వెళ్తున్నారా? పెట్టె సర్దే ముందు ఇవి చూసుకోండి

మా అమలాపురం వైపు నుంచి వెళ్లేవాళ్లకి మొదట చెప్పాల్సింది పచ్చళ్ల సంగతే. నాటుకోడి పచ్చడి పెట్టెలో పెట్టకండి. మాంసంతో చేసినవి జపాన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

జలుబు మాత్రల అట్ట తిప్పి చదవండి. ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ అనే మందు అందులో 10 శాతం దాటితే అక్కడ నిషేధం.

కరెంటు 100 వోల్టులు, సాకెట్‌లో రెండు పలక పిన్నులే పడతాయి. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

రేడియేషన్ టెన్షన్ అక్కర్లేదు. ఇప్పుడు మామూలు ఊళ్లలో ఉన్నంతే. "అక్కడి నీళ్లు తాగొచ్చా?" అని మా పెద్దమ్మ మూడుసార్లు అడిగింది. తాగొచ్చు.

ఆగస్టు 6కి వెళ్తుంటే గది చాలా ముందే తీసుకోండి. 1945లో ఉదయం 8:15కి ఆ ఊరి మీద అణుబాంబు పడిన రోజది. సాయంత్రం చనిపోయినవాళ్ల కోసం నదిలో దీపాలు వదులుతారు. మన కార్తీక దీపాల్లా ఉన్నాయని ఫొటోల కోసం ఎగబడకండి.

అసలు జాగ్రత్త బాంబు జ్ఞాపకాలు దాచిన శాంతి మ్యూజియం దగ్గర. అద్దం వెనక ఒక మూడుచక్రాల సైకిల్ ఉంటుంది, తుప్పుపట్టి, సీటు పాడైపోయి. బాంబు పడ్డప్పుడు దాన్ని తొక్కుతూ చనిపోయిన బాబుకి మూడేళ్లు. పిల్లలకి ఏం చూడబోతున్నారో ముందే చెప్పండి. ఆ పూట ఇంకే ప్రోగ్రామూ పెట్టుకోకండి.

తిరగడానికి ట్రామ్ చాలు. బాంబు పడిన మూడు రోజులకే కొంత దూరం మళ్లీ నడిచిందది. ఊరంతా ఒటా నది డెల్టాలోనే, అడుగడుక్కీ వంతెనే. లంక ఊళ్లవాళ్లకి దారి తప్పినా కొత్తనిపించదు.