రిటైర్మెంట్ దగ్గర పడుతోందా? పీఎఫ్‌లో ముందే చూసుకోవాల్సినవి

పదేళ్ల సర్వీసు నిండకముందు ఫారం 10సీ అనే దరఖాస్తుతో పీఎఫ్‌లోని పింఛను సొమ్ము తీసేయకండి. తీస్తే ఆ ఏళ్లు లెక్కలోంచి పోతాయి. 58 ఏళ్లకు నెలవారీ పింఛను రావాలంటే పదేళ్లు ఉండాల్సిందే. ఉద్యోగం మానేస్తే సొమ్ముకు బదులు, చేసిన సర్వీసును లెక్కలో ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి.

50 దాటాక ముందుగానే పింఛను తీసుకుంటే, 58కి తక్కువైన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. అది జీవితాంతం ఉంటుంది.

సర్వీస్ హిస్టరీలో పాత కంపెనీలన్నీ, మానేసిన తేదీలతో సహా ఉండాలి.

పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవాలి. ఇంటిపేరు ముందోచోట, వెనకోచోట ఉండటం మనకు మామూలే. క్లెయిమ్ ఆగేది అక్కడే.

పెళ్లికి ముందు చేసిన నామినేషన్ చెల్లదు, కొత్తది చేయండి.

ఇవన్నీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పోర్టల్‌లో ఉచితం. ఓటీపీ ఏ ఏజెంటుకూ చెప్పకండి.