వానలు దిగకముందే పార్కిన్సన్స్ మనిషి పడక సరిచేయండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అల్పపీడనం పట్టిందంటే రాత్రుళ్లు కరెంటు పోతుంది, ఫ్యాను ఆగుతుంది, దోమలు ముసురుతాయి. ఎండాకాలమంతా వసారాలో పడుకున్న మనిషి లోపలి గదికి మారాల్సి వస్తుంది. పార్కిన్సన్స్ (ఒళ్లు బిగుసుకుపోయి, కదలిక నెమ్మదించే నరాల జబ్బు) ఉన్నవాళ్లు చీకట్లో కొత్త చోట అడుగు తడబడి పడిపోయేది ఈ రోజుల్లోనే. సెప్టెంబరు చివరికల్లా పడక సర్దేయండి.

రాత్రి నిద్ర పట్టలేదని వాళ్లు చెబితే, చాలాసార్లు అసలు బాధ పక్కకు తిరగలేకపోవడమే. సాయంత్రం వేసుకున్న లెవోడోపా (పార్కిన్సన్స్‌కు వాడే మందు) మాత్ర పని అర్ధరాత్రికి తగ్గిపోతుంది. మెడ, నడుము బిగుసుకుంటాయి. ఒకే పక్కన గంటల తరబడి ఉండి నొప్పికి మెలకువ వస్తుంది. అందుకే పడకను మెత్తదనం చూసి కాదు, ఒత్తిగిలడానికి వీలు చూసి ఎంచుకోవాలి.

నులక మంచం, నవారు మంచం వద్దు. నడుము దగ్గర గుంట పడుతుంది, అందులోంచి పక్కకు తిరగడం వాళ్ల వల్ల కాదు. గడ్డలు కట్టిన పాత దూది పరుపూ అంతే. చెక్క మంచం మీద కొబ్బరి పీచు పరుపు, పైన పలుచటి మెత్త చాలు. అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి; పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాల ఎత్తు చాలామందికి సరిపోతుంది. ఎత్తు చాలకపోతే కోళ్ల కింద ఇటుకలు పెట్టకండి, జారతాయి. కోడు దిగేలా గుంట తొలిచిన చెక్క దిమ్మెలు వడ్రంగి చేత చేయించండి.

భుజాల నుంచి తొడల దాకా మాత్రం అడ్డంగా సాటిన్ గుడ్డ పరిచి, రెండు వైపులా పరుపు కిందికి గట్టిగా దోపండి. ఒళ్లు సులువుగా జరుగుతుంది. కాళ్ల దగ్గర నూలు దుప్పటే ఉండాలి, పాదాలు ఆనించి తిరగడానికి పట్టు కావాలి. సాటిన్ గుడ్డ పరిచాక సాటిన్ నైటీ కూడా వేస్తే మనిషి మంచం మీద నుంచి జారిపోతారు. బరువు రగ్గు కప్పకండి.

తిరిగే పద్ధతిని పగలే అలవాటు చేయించండి. రెండు మోకాళ్లూ మడిచి పాదాలు ఆనించాలి, తల తిరిగే వైపుకు తిప్పాలి, రెండో వైపు చేతిని ఒంటి మీదుగా అటు చాపాలి, మోకాళ్లను అటే వాల్చాలి. నడుము వెంట వస్తుంది. లేవాలంటే ఆ పక్క మీది నుంచే కాళ్లు కిందికి దించి, మోచేత్తో నొక్కి పైకి రావాలి. చెయ్యి పట్టి లాగకండి, భుజం దెబ్బతింటుంది.

లేవగానే నిలబడనివ్వకండి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. రెండు నిమిషాలు అంచున కూర్చోబెట్టండి. ఈ ఇబ్బంది బాగా ఉంటే డాక్టర్ని అడిగి, తలవైపు రెండు కోళ్లను 6 అంగుళాలు ఎత్తు చేయొచ్చు. అప్పుడు సాటిన్ మీద కాళ్లవైపుకు జారుతున్నారేమో చూసుకోవాలి.

మరుగుదొడ్డి పెరట్లో ఉంటే, తడి నేల మీద రాత్రి నడక మాన్పించండి. యూరిన్ సీసాగానీ కమోడ్ కుర్చీగానీ మంచం పక్కనే ఉంచండి. కరెంటు పోగానే తనంతట వెలిగే ఛార్జింగ్ లైటు గదిలో పెట్టండి. కిటికీలకు జాలీ కొట్టిస్తే మేలు. దోమతెర తప్పదంటే దిగే వైపు అంచు పైపైనే దోపండి, నేల మీద జీరాడనివ్వకండి. మోటారు గాలి పరుపు వాడుతుంటే ఇన్వర్టర్ మీద పెట్టించండి, లేకపోతే కరెంటు లేని రాత్రి చప్పబడుతుంది. కలల్లో అరిచి కాళ్లు చేతులు విసిరేవాళ్లుంటే గాజు గ్లాసు, స్టూలు దూరం జరిపి, కింద మెత్త పరవండి. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, దానికి మందు ఉంది.

మందులు రెండు వారాలకు సరిపడా ముందే కొని, నీళ్లు చొరని కవర్లో ఉంచండి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, హైవే మీద రాకపోకలు ఆగాయి. లెవోడోపా ఒక్కసారిగా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. పడుకునే ముందు వేసే సీఆర్ (మందును నెమ్మదిగా వదిలే) మాత్రను నమలకూడదు, నూరకూడదు. వాంతులకు ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే పార్కిన్సన్స్ అని ముందే చెప్పండి. వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ ఇస్తే బిగుతు ఇంకా పెరుగుతుంది.

తీరం ఊళ్లలో తుపాను షెల్టరుకు వెళ్లమంటే చీకటి పడకముందే కదలండి. అక్కడ పడక నేల మీదే, నేల మీంచి లేవడం వీళ్లకు అన్నిటికంటే కష్టం. మడత మంచం, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, సాటిన్ గుడ్డ, మాత్రల వేళలు రాసిన చీటీ వెంట తీసుకెళ్లండి.