చేయించుకున్న స్నూకర్ క్యూ ఎందుకు కుదరదు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విశాఖపట్నంలో స్నూకర్, పూల్ ఆడేవారు చాలామంది ఏదో ఒక దశలో క్లబ్బు గోడకు ఆనించి ఉండే ఉమ్మడి క్యూలను (బంతిని కొట్టే కర్రలను) వదిలి, తమ చేతికి తగినది ఒకటి చేయించుకోవాలనుకుంటారు. అలా చేయించుకున్న క్యూ ఇంటికి వచ్చాక వినిపించే ఫిర్యాదులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, వాటిలో ఎక్కువ వాటికి మూలం తయారీలో కన్నా ఆర్డరులోనే కనిపిస్తుంది. తయారీదారుణ్ణి అడగవలసినది అడిగి ఉండరు, చెప్పవలసిన కొలత చెప్పి ఉండరు, బట్ (చేత్తో పట్టుకునే లావుపాటి వెనక భాగం) మీది నగిషీ చూసి మనసు పారేసుకుని ఉంటారు. అందుకే ఇక్కడ ప్రతి సమస్యకూ మరమ్మతుతో పాటు, తయారీదారును ఎంచుకునేటప్పుడే దానిని తప్పించే దారి కూడా చెప్పడం జరిగింది.

సమస్య: క్లబ్బు క్యూతో గురి కుదరడం లేదు కాబట్టి సొంతది కావాలి

ముందు టిప్, అంటే క్యూ కొసన అతికించిన తోలు ముక్క, చూడండి. ఉమ్మడి క్యూల టిప్‌లు నెత్తిన చదునై, రాయిలా గట్టిపడి, అంచులు ఫెరూల్ (టిప్ వెనక కొసకు తొడిగిన ఇత్తడి తొడుగు) దాటి బయటికి విచ్చుకొని ఉంటాయి. అటువంటి తోలు మీద చాక్ నిలవదు, సైడ్ ఇవ్వబోతే, అంటే తెల్ల బంతిని పక్కకు కొట్టబోతే, జారుతుంది. మార్కర్ (క్లబ్బులో టేబుళ్ళు చూసుకునే మనిషి) చేత కొత్త టిప్ వేయించుకొని కొన్నాళ్ళు అదే క్యూతో ఆడండి. గురి కుదిరితే పెద్ద ఖర్చు తప్పినట్టే. కుదరకపోయినా నష్టం లేదు, ఎందుకంటే ఏ కొలత మీకు నప్పుతోందో, ఏది నప్పడం లేదో అప్పుడే తెలుస్తుంది. అది తెలియకుండా తయారీదారును వెతకడం మొదలుపెడితే, నిర్ణయాలన్నీ ఆయనకే వదిలేసినట్టవుతుంది.

సమస్య: కొత్త క్యూ అందంగా ఉంది, కానీ సైడ్ ఇచ్చిన ప్రతి షాటూ తప్పిపోతోంది

కారణం: తెల్ల బంతిని మధ్యలో కాక ఒక పక్కకు కొట్టినప్పుడు, అది గురిపెట్టిన గీతను వదిలి రెండో పక్కకు కాస్త తొలగుతుంది. ఎంత తొలగుతుందన్నది ముఖ్యంగా షాఫ్ట్ (క్యూ ముందుండే సన్నని భాగం) కొస దగ్గరి బరువు మీద ఆధారపడి ఉంటుంది. టిప్ వెడల్పు అర మిల్లీమీటరు పెరిగినా, ఇత్తడి ఫెరూల్ పొడవు పెరిగినా, ఆ కొస బరువెక్కి తొలగడం ఎక్కువవుతుంది. ఏళ్ళ తరబడి పాత క్యూకు అలవాటైన మీ కన్ను ఆ తేడాను మీకు తెలియకుండానే సర్దుకుంటూ వచ్చింది, ఇప్పుడు ఆ సర్దుబాటే ఎదురు తిరుగుతోంది. షాఫ్ట్ సన్నబడే తీరు కూడా ఇంతే ముఖ్యం. టిప్ 9.5 మిల్లీమీటర్లే ఉన్న రెండు క్యూలలో, ఒకటి టిప్ నుంచి వెంటనే లావెక్కుతూ పోతే బిగువుగా ఉంటుంది, మరొకటి చాలా దూరం సన్నగానే సాగితే కొరడాలా ఊగుతుంది.

పరిష్కారం: ఆర్డరు ఇవ్వడానికి ముందే, మీకు నచ్చిన క్యూను వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి రాసుకోవాలి. టిప్ దగ్గర, అక్కడి నుంచి ఒక అడుగు దూరంలో, రెండు అడుగుల దూరంలో, మూడు అడుగుల దూరంలో, చివరగా బట్ అడుగున కొలత తీయండి. ప్రతి చోటా క్యూను పావు వంతు తిప్పి రెండోసారి కొలవండి, ఎందుకంటే చేతితో రందా పట్టిన కర్ర అన్నిచోట్లా ఖచ్చితమైన గుండ్రంగా ఉండదు. వీటికి మొత్తం పొడవు, బరువు, తూకం నిలిచే చోటు (వేలి మీద పెడితే క్యూ ఎటూ వాలకుండా నిలిచే చోటు) జోడిస్తే తయారీదారుకు ఫొటోల కన్నా ఎక్కువ విషయం అందుతుంది. సాధారణంగా స్నూకర్ క్యూ 57 నుంచి 58 అంగుళాల పొడవు, 17 నుంచి 18.5 ఔన్సుల బరువు, 9 నుంచి 10 మిల్లీమీటర్ల టిప్‌తో ఉంటుంది. ఈ హద్దుల్లో ఎక్కడ ఉండాలో చెప్పవలసింది మీరే.

తయారీదారును బేరీజు వేయడానికి ఇదే మంచి సందర్భం. మీరు కొలతల కాగితం పంపగానే మీ ఎత్తు ఎంత, బ్రిడ్జి చేయి (టేబుల్ మీద ఆనించి క్యూను నడిపే చేయి) టిప్‌కు ఎంత దూరంలో పెడతారు, ఇప్పటి క్యూలో మార్చుకోవాలనుకున్నది ఏమిటి అని తిరిగి అడిగేవారు పని తెలిసినవారు. ఏ రంగు వెనీర్లు (అలంకారానికి అతికించే పలుచని చెక్క రేకులు) కావాలి, పేరు ఏ అక్షరాల్లో చెక్కాలి అని మాత్రమే అడిగేవారి దగ్గర అడ్వాన్సు ఇవ్వడానికి తొందరపడకండి.

క్యూ ఇప్పటికే వచ్చేసి ఉంటే, దానిని సన్నం చేయించే ముందు ఒక నెల అయినా ఆడాలి. ఆ తర్వాత కూడా పాత కొలతే కావాలనిపిస్తే, షాఫ్ట్‌ను ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా తగ్గించమనండి. తీసిన చెక్క తిరిగి రాదు.

సమస్య: క్యూ వంగింది, జిగటగా ఉంది, ఫెరూల్ అంచు గోటికి తగులుతోంది

ఈ మూడింటినీ కలిపి చెప్పడానికి కారణం ఉంది. మూడింటిలోనూ మన తేమ గాలికి పాత్ర ఉంది. గాలిలో తేమ 40 శాతం ఉన్నచోట చెక్కలో నీరు దాని పొడి బరువులో ఏడెనిమిది శాతం దగ్గర స్థిరపడుతుంది, 75 శాతం ఉన్నచోట 14 శాతం దాకా పెరుగుతుంది. చలిదేశంలో హీటర్లు వేసిన గదిలో తయారైన యాష్ అనే చెక్క షాఫ్ట్ విశాఖ వచ్చి ఇక్కడి గాలి పీల్చుకుంటే అడ్డంగా ఉబ్బుతుంది. 9.5 మిల్లీమీటర్ల కొస దగ్గర ఆ ఉబ్బు దాదాపు పదో వంతు మిల్లీమీటరు ఉండవచ్చు. పక్కనే ఉన్న ఇత్తడి ఉబ్బదు. కాబట్టి ఫెరూల్ మీదుగా గోరు నడిపితే చెక్క మొదలైనచోట ఒక చిన్న గట్టు తగులుతుంది. అదే క్యూను రోజంతా ఏసీ నడిచే గదిలో ఉంచితే చెక్క తగ్గి, ఈసారి ఇత్తడి అంచు పైకి తేలుతుంది. ఏసీ గదిలో చల్లబడిన క్యూను మే నెల సాయంత్రం ఒక్కసారిగా బయటికి తీసినప్పుడు ఫెరూల్ మీద సన్నని నీటి పొర కమ్ముకోవడం కంటితోనే చూడవచ్చు. ఆ నీరు టిప్ అడుగున ఉన్న జిగురుకూ మంచిది కాదు.

గట్టు తగిలిన వెంటనే ఉప్పుకాగితం పట్టకండి. ఇది చాలామంది చేసే పని, చాలా చెడ్డ పని కూడా. వర్షాకాలంలో అరగదీసిన చెక్క పొడి రోజుల్లో ఫెరూల్ కన్నా సన్నబడిపోతుంది, అప్పుడు ఇత్తడిని అరగదీస్తారు, అలా రెండేళ్ళు తిరిగేసరికి 9.5 కాస్తా 9.2 అవుతుంది. క్యూ వచ్చాక కొన్ని వారాలు ఇంట్లో ఒకే చోట, కేసులో పడుకోబెట్టి స్థిరపడనివ్వండి. అప్పటికీ గట్టు ఉంటే పని తెలిసినవారి చేత ఒక్కసారి సరిచేయించండి.

జిగటకు కారణం చాలాసార్లు షాఫ్ట్ మీది మెరుపు లక్కర్. చెమట పట్టిన చేతి మీద అది జారదు. నాలుగు సున్నాల నంబరు గల అతి సన్నని స్టీల్ ఊల్‌తో, చెక్క చారల వెంబడి, మెల్లగా మెరుపు పోయేవరకు మాత్రమే రుద్దితే సరిపోతుంది. ఆర్డరులోనే షాఫ్ట్‌కు లక్కర్ వద్దు, అవిసె నూనె ముగింపు చాలు అని రాస్తే ఈ బాధ ఉండదు. అయితే అవిసె నూనె కూడా పలుచగా పట్టించి, పూర్తిగా తుడిచి, ఆరనిచ్చినప్పుడే పనికొస్తుంది, వర్షపు రోజుల్లో మందంగా పూస్తే వారమైనా ఆరదు. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయవద్దు, తనంతట తాను వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, పరిచి ఆరబెట్టాలి.

ఇక వంపు. "అన్నా, స్టిక్ వంగిపోయింది" అని క్యూను టేబుల్ మీద దొర్లించి చూపించేవారిని చూస్తుంటాం. స్నూకర్ క్యూకు బట్ అడుగున ఒక పక్క చదును చెక్కి ఉంటుంది కాబట్టి, నిటారుగా ఉన్న క్యూ కూడా దొర్లిస్తే ఎగిరెగిరి పడుతుంది. బట్‌ను చెంప దగ్గర పెట్టుకొని, టిప్ వైపు ఒంటి కంటితో చూస్తూ, క్యూను నిదానంగా చుట్టూ తిప్పాలి. కొస ఒకే వైపు పక్కకు జరుగుతూ కనిపిస్తే వంపు నిజమే. రెండు ముక్కల క్యూ అయితే షాఫ్ట్‌ను విడదీసి విడిగా కూడా ఇలాగే చూడండి. విడిగా తిన్నగా ఉండి, బిగించాక వంకరగా కనిపిస్తే తప్పు చెక్కది కాదు, జాయింట్‌ది. జాయింట్ ముఖాల మధ్య చాక్ పొడి చేరిందేమో ముందు తుడిచి చూడండి.

యాష్ షాఫ్ట్‌లో చాలా కొద్దిపాటి వంపు సహజం, ఆటకు అడ్డు రాదు. పెద్ద వంపుకు మాత్రం రెండు కారణాలే ఎక్కువ: చెక్కను చాలినంత కాలం ఆరబెట్టకపోవడం, లేదా ఎండలో నిలిపిన కారు డిక్కీలో క్యూను వదిలేయడం. రెండోదానికి బాధ్యులం మనమే. మొదటిదానికి ఆర్డరు ముందే అడగాలి: షాఫ్ట్ చెక్కను ఎన్నేళ్ళు ఆరబెట్టారు, రందా పట్టే దశల మధ్య ఎన్నాళ్ళు వదిలేస్తారు? కర్రను ఒకే వారంలో చివరి కొలతకు తెచ్చేవారు చవకగా ఇవ్వగలరు, తిన్నగా ఉంటుందని మాట ఇవ్వలేరు. వంగిన క్యూను మోకాలికి ఆనించి వంచడం, వేడి చూపించడం తాత్కాలికమే, చెక్క మళ్ళీ తన దారికి పోతుంది.

సమస్య: కొట్టినప్పుడు 'టక్'మనకుండా లోపల ఏదో కంపిస్తున్న చప్పుడు

ఒక్కొక్కటే తప్పిస్తూ వెళ్ళాలి. ఎక్స్‌టెన్షన్, మినీ బట్ (పొడవు పెంచడానికి వెనక బిగించే ముక్కలు) ఉంటే తీసేసి కొట్టండి. చప్పుడు పోతే అక్కడి మర వదులైందన్నమాట. పోకపోతే ప్రధాన జాయింట్‌ను తుడిచి బిగించండి. అప్పటికీ ఉంటే ఫెరూల్‌ను వేళ్ళతో పట్టి తిప్పడానికి ప్రయత్నించండి, వెంట్రుకవాసి కదిలినా మళ్ళీ అతికించాలి. చివరికి మిగిలేది స్ప్లైస్‌ల (బట్‌లో వేర్వేరు చెక్కలను అతికిన చోట్ల) మధ్య జిగురు వదలడం. బట్ మీద చారల వెంబడి సన్నని నల్ల గీతలా చీలిక కనిపిస్తే క్యూను తయారీదారుకే పంపాలి.

ఇక్కడ స్థానిక మరమ్మతు గురించి ఒక మాట. ఇత్తడి ఫెరూల్, ఎక్స్‌టెన్షన్‌కు మర వంటి లోహపు పనులను గాజువాక ఆటోనగర్‌లోని మంచి లేత్ పనివారు నమూనా ఇస్తే చేయగలరు. చెక్క పనికి ఏటికొప్పాక గుర్తు రావడం సహజమే, అక్కడి కళాకారుల చేతి నైపుణ్యానికి వంక పెట్టలేం. కానీ వారు వాడే అంకుడు కర్ర మెత్తనిది, లక్క బొమ్మలకు తగినది. షాఫ్ట్‌కు కావలసింది నిడుపాటి చారలున్న గట్టి యాష్ లేదా మేపుల్, కావలసిన పని నిటారుగా సన్నబరచడం. ఆ పని వేరు.

సమస్య: చేతి స్ప్లైస్ అని చెప్పారు, నమ్మకం కలగడం లేదు

బట్ మీద ఎబొనీ (నల్ల చెక్క) మొనలు షాఫ్ట్‌లోకి ఎక్కేచోట చూడండి. చెక్కను చదునుగా రందా పట్టి, పలక అతికించి, మళ్ళీ గుండ్రంగా తీసే చేతి పనిలో మొనలు సహజంగా వంపు తిరిగి ముగుస్తాయి, నాలుగింటి ఎత్తులో కాస్త తేడా ఉండవచ్చు. యంత్రంతో కోసినవి సూదుల్లా వాడిగా, నాలుగూ ఒకే ఎత్తున ఉంటాయి. యంత్రపు స్ప్లైస్ నాసిరకం కాదు, ఆటలో తేడా తెలియడం కష్టం. చేతి పని ధర తీసుకొని యంత్రపు పని ఇస్తేనే అభ్యంతరం. నా దృష్టిలో డబ్బు పెట్టవలసింది షాఫ్ట్ మీద. అలంకారం మొదలుపెట్టక ముందే, మీకోసం ఎంచిన షాఫ్ట్ చెక్కను నాలుగు వైపులా ఫొటో తీసి పంపమని అడగండి. చారలు కొస వరకు తిన్నగా సాగాలి, మధ్యలో పక్కకు జారిపోకూడదు. యాష్‌లో బాణపు మొనల్లాంటి గుర్తులు వరసగా నడిమధ్యన ఉంటే గురి చూసేటప్పుడు కంటికి హాయిగా ఉంటుంది.

సమస్య: స్నూకర్‌కు చేయించిన క్యూతో పూల్ ఆడితే ఫెరూల్ దెబ్బతింది

స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు, అమెరికన్ పూల్ బంతి దాదాపు 57 మిల్లీమీటర్లు, బరువూ ఎక్కువే. పూల్ క్యూ టిప్ 12 నుంచి 13 మిల్లీమీటర్లు ఉండడానికి కారణం అదే. సన్నని స్నూకర్ కొసతో బలమంతా పెట్టి బ్రేక్ (ఆట మొదలుపెట్టే దెబ్బ) కొడితే ఆ దెబ్బ ఫెరూల్ మీదే పడుతుంది. రెండు టేబుళ్ళూ ఉన్న పార్లర్‌లో ఆడేవారు బ్రేక్‌కు అక్కడి క్యూనే వాడాలి. రెండు ఆటలకూ నడిమి కొలతతో ఒకే క్యూ చేసిస్తామనేవారి మాట నమ్మవద్దు. వీలైతే పూల్‌కు అందులోనే పేరున్న వారి దగ్గర వేరేగా చేయించుకోండి.

సమస్య: బరువు సరిగ్గానే ఉంది, అయినా ముందుకు వాలుతోంది

తూకం నిలిచే చోటు మారింది. బట్ అడుగు నుంచి 16 నుంచి 18 అంగుళాల మధ్య అది ఉండడం మామూలు. బట్ లోపల సీసం బరువు చేర్చి సరిచేయవచ్చు. ఆర్డరులో ఔన్సులతో పాటు ఈ దూరం కూడా రాయండి.

సమస్య: గడువు దాటింది, జవాబు లేదు, లేదా పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది

మాట మీద అడ్వాన్సు ఇవ్వడం మొదటిదానికి కారణం. పేరున్న తయారీదారు దగ్గర నెలల తరబడి వరస ఉండడం తప్పు కాదు, ఎంతకాలమో రాసి ఇవ్వకపోవడం తప్పు. కొలతలు, చెక్క రకాలు, గడువు, కొలత తప్పితే తిరుగు రవాణా ఖర్చు ఎవరిది అన్నవి ఒకే సందేశంలో రాసి, ఆయన ఒప్పుకున్నాకే డబ్బు పంపండి. మధ్యవర్తి ద్వారా కొంటే వారంటీ ఎవరి మీదో ముందే తేల్చుకోండి.

రెండోదానికి తరచుగా చెక్కే కారణం. మిగతా రోజ్‌వుడ్ జాతులన్నీ 2017 జనవరి నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, బ్రెజిల్ రోజ్‌వుడ్ మాత్రం 1992 నుంచి మొదటి అనుబంధంలోనే ఉంది. విదేశం నుంచి తెప్పించేటప్పుడు ఆ చెక్కకు కావలసిన పత్రాలు ఇస్తారో లేదో అడగండి. ఇవ్వలేమంటే ఎబొనీ వంటి వేరే చెక్కకు మారండి, అయితే మడగాస్కర్ ఎబొనీ కూడా ఆ ఒప్పందం జాబితాలో ఉంది కనుక అది ఏ దేశపుదో తెలుసుకోండి. దంతం పొదిగిన పాత క్యూల జోలికి పోవద్దు, మన దేశంలో దంతం వ్యాపారం నేరం.

పార్సిల్ చేరిన రోజే పెట్టె విప్పే ముందూ, విప్పాకా ఫొటోలు తీయండి. ఒంటి కంటితో వంపు చూసి, కాలిపర్‌తో ఆ అయిదు చోట్లా కొలిచి, మీరు పంపిన కాగితంతో సరిపోల్చండి. తేడా ఉంటే టిప్ మార్చకుండా, షాఫ్ట్ తాకకుండా, ఆ కొలతలను ఫొటోలతో సహా అదే రోజు తయారీదారుకు పంపండి. ఉప్పుకాగితం పట్టిన క్యూను ఎవరూ వెనక్కి తీసుకోరు.