టెన్నిస్ చూడ్డానికి దుబాయ్ వెళ్తున్నారా?

పెద్ద టెన్నిస్ టోర్నీని కళ్లారా చూడాలంటే వింబుల్డన్ దాకానే వెళ్లక్కర్లేదు. శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కితే దాదాపు నాలుగు గంటల్లో దుబాయ్. అక్కడ ఏటా ఫిబ్రవరిలో టోర్నీ జరుగుతుంది. మన సానియా మీర్జా 2023లో చివరి ప్రొఫెషనల్ మ్యాచ్ ఆడింది అక్కడే.

అయితే ఫ్లైట్ బుక్ చేసే ముందు ఒకటి చూసుకోండి. ఆడవాళ్ల పోటీలు, మగవాళ్ల పోటీలు కలిపి జరగవు. మొదటి వారం ఆడవాళ్లవి (డబ్ల్యూటీఏ), తర్వాతి వారం మగవాళ్లవి (ఏటీపీ). మగ ఆటగాళ్ల కోసమని మొదటి వారం వెళ్తే వాళ్లు కనిపించరు మరి!

అందరూ ఫైనల్ టికెట్ కోసమే ఎగబడతారు. నన్నడిగితే తొలి రౌండ్లే మేలు. ఒకేరోజు చాలా మ్యాచ్‌లు, పక్క కోర్టుల్లో ఆటగాళ్లను దగ్గర్నుంచి చూడొచ్చు. ఎవరి మ్యాచ్ ఎప్పుడో ముందురోజు సాయంత్రానికి తెలుస్తుంది, కాబట్టి ఊరు తిరిగే ప్లాన్ అది చూశాకే వేసుకోండి. స్టేడియం గర్హూద్‌లో, ఎయిర్‌పోర్ట్ పక్కనే. హోటల్ కూడా అటువైపే తీసుకుంటే టాక్సీ ఖర్చు తగ్గుతుంది. రాత్రి మ్యాచ్‌లకు పల్చటి స్వెటర్ ఉంచుకోండి, ఫిబ్రవరిలో అక్కడ చలిగాలి వేస్తుంది.